డెబ్బై రెండు నల్లాలు

ఆ శుక్రవారానికి పురుషోత్తం వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఐదున్నరకు లేవాలి. ఆరింటికి ఒక ఫోను చేయాలి. ఆరున్నరకు కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఎక్కాలి. పదింటికి ప్రొఫెసర్ గారి ఎదుట ఒక వాల్వును టక్కున మూసి, కంప్యూటర్లో గీత చూపించి, కాగితం మీద సంతకం పెట్టించుకుని, భోజనం వేళకు ఇల్లు చేరాలి. భార్య నిరోష వంకాయ కూర వండి పెడతానని కూడా చెప్పింది.

అది 2013 డిసెంబరు. పురుషోత్తం కామారెడ్డిలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరరు. ఆరేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నాడు. విషయం, బుడగలతో నిండిన నీటి ప్రవాహాల్లో పుట్టే షాక్ వేవ్‌లు. పేరు వింటే జడుపు పుడుతుంది గాని సంగతి తేలికే. నీళ్లు పారే పైపును ఒకచోట గొంతు నొక్కినట్టు సన్నం చేస్తే అక్కడ నీటి ఒత్తిడి పడిపోయి, చల్లని నీళ్లలోనే మరిగినట్టు బుడగలు లేస్తాయి. బయటి నుంచి ఇంకాస్త గాలి ఎక్కిస్తే నీళ్లు పాలలా తెల్లబడతాయి. ఆ నీళ్లను ఉన్నట్టుండి ఆపితే వెనక వచ్చేవి ముందువాటిని గుద్దుకుంటాయి, బుడగలు చితికిపోతాయి, ఆ దెబ్బ ఒక అలలా పైపు పొడవునా నడుస్తుంది. ఉత్త నీళ్లలో సెకనుకు కిలోమీటరుకు పైగా పరిగెత్తే ఈ అల, బుడగలున్న నీళ్లలో ఎల్లారెడ్డి బస్సు వేగానికి దిగివస్తుంది. అంత నెమ్మదిగా పోయేదాన్ని కొలవడం ఎంతసేపని పురుషోత్తం ఆరేళ్ల కింద అనుకున్నాడు.

కాలేజీ ల్యాబులో కొలిస్తే మోటారు వణుకు గీతలోకి దూరేది. మోటారు లేకుండా ఎత్తు నుంచి దిగే నీళ్లు కావాలి. వెతికి వెతికి చివరికి ఎల్లారెడ్డి దాటాక మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న నిరోష తల్లిగారి ఊరిలో, పన్నెండు మీటర్ల ఎత్తున్న మంచినీళ్ల ట్యాంకు కింద తన సరంజామా బిగించుకున్నాడు. ట్యాంకు నుంచి ఊళ్లోకి పోయే పైపులో రెండు మీటర్ల ముక్క తీసి, లోపల కనిపించే ప్లాస్టిక్ పైపు పెట్టాడు. దానికి సన్నని గొంతు, గాలి ఎక్కించే కంప్రెసరు, ఒత్తిడి కొలిచే సెన్సరు, కొత్తగా కొన్న స్ప్రింగు వాల్వు. ఊరికి నీళ్లు ఆగనంతవరకు అభ్యంతరం లేదని సర్పంచ్ అన్నాడు.

ఇంకా గీత రాలేదు. రావలసిన గీతకు జోడెడ్ల మూపురాల్లా రెండు మిట్టలుండాలి. హైదరాబాదు నుంచి గైడు లక్ష్మీనర్సమ్మ గారు చల్లగా ఒక మాట చెప్పేశారు. శుక్రవారం తానే వస్తారు. రెండు మిట్టలున్న గీతలు ఒకేలాంటివి మూడు, కళ్లెదుట కనిపిస్తే గడువు పొడిగించమని సంతకం చేస్తారు. లేకపోతే నెలాఖరుకు రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్లూ గంగలో కలిసినట్టే.

ఆరింటికి పురుషోత్తం ఆ ఊళ్లో నల్లాలకు నీళ్లు వదిలే పోచన్నకు ఫోను చేశాడు.

"పోచన్నా, ఇయ్యాల నీళ్లు పొద్దుగాల ఇడువకు. పదింటికి ఇడువు. ఊర్లె అందరికి చెప్పించు. పదింటికి పైపుల షాక్ వేవ్ వస్తది, చప్పుడైతది, భయపడద్దని చెప్పు."

"షాకా సారు?"

"షాక్ కాదు, షాక్ వేవ్."

"వేవ్ అంటే ఏంది సారు?"

"అల లెక్క. నీళ్లల్ల పోతది."

"నీళ్లల్ల పోయే షాక్. సమజైంది సారు," అని పోచన్న ఫోను పెట్టేశాడు.

ఆ ఊళ్లో షాక్ అంటే ఒకటే అర్థం. వానాకాలంలో ఇనుప స్తంభానికి ఒళ్లు రుద్దుకున్న బర్రె నిలబడ్డచోటే కూలిపోయింది. అది షాక్. తడి చేత్తో స్టార్టరు ముట్టుకున్నవాడు మూడు రోజులు మాట్లాడలేదు. అదీ షాకే. ఇంకో రకం షాక్ ఉందని ఆ ఊరికి ఎవరూ చెప్పలేదు, చెప్పవలసినవాడు కామారెడ్డిలో బస్సు కోసం నిలబడి ఉన్నాడు.

పోచన్న ఆ మాట చాటింపు వేసే హన్మంతుకు చేరవేశాడు. హన్మంతు ముప్పై ఏళ్లుగా డప్పు కొడుతున్నాడు. తనకు అర్థం కాని మాటను ఊరి మీదికి వదలకూడదని అతనికొక నియమం. అందుకని వేవ్ అన్న మాట తీసేశాడు. మిగిలింది ఇది.

"పదింటికి నల్లాలల్ల షాక్ వస్తదహో. చప్పుడైతదహో. ఎవ్వరు భయపడద్దహో."

భయపడద్దన్న మాట చెవిన పడ్డాకే ఊరికి అసలు భయం పట్టుకుంది. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. నిన్న రాలేదు. ఇవాళ కూడా పట్టుకోకపోతే రేపు తాగడానికి చుక్క ఉండదు. పట్టుకుంటే షాక్. ఎటూ తోచక పదిమంది ఆడవాళ్లు గౌరవ్వ వాకిట్లోకి చేరారు. షాక్ తెస్తున్నవాడు ఆమె అల్లుడు మరి.

గౌరవ్వ చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. మనిషి మితభాషి. అరవై ఏళ్లలో అబద్ధం చెప్పిందన్న పేరు లేదు. కూతురి పెళ్లిలో అల్లుడు ఇంకో రెండేళ్లలో డాక్టరవుతాడని అందరికీ చెప్పుకుంది. ఆరేళ్లు గడిచాయి. ఎదురుపడ్డవాళ్లు ఇంకెప్పుడని అడుగుతున్నారు. ఆమెకు ఒక్కోసారి తలకొట్టేసినట్టయ్యేది.

"మీ అల్లుడు ఊరందరిని ఆగం జేసేటట్టున్నడు గౌరవ్వా," అంది పక్కింటి గంగాబాయి.

"ఎందుకు జేస్తడు? చదువుకున్నోడు. అడుగుదాం," అని గౌరవ్వ చాట పక్కకు పెట్టి లేచింది.

అడగడం అంత సులువు కాదు. ఆ ఇంటి మర్యాద ప్రకారం అత్త అల్లుడి ముందు నిలబడి మాట్లాడదు. ఆరేళ్లలో వాళ్లిద్దరి మధ్య నేరుగా ఒక్క మాట నడవలేదు. ఇంకా పప్పు వేసుకోమని చెప్పాలన్నా మధ్యలో నిరోష ఉండవలసిందే. ఎనిమిదిన్నరకు పురుషోత్తం ట్యాంకు కింద వైర్లు తగిలిస్తూ ఉంటే, గౌరవ్వ ట్యాంకు స్తంభానికి అవతల నిలబడి కొంగు నిండా కప్పుకుంది. పోచన్న మధ్యలో నిలబడ్డాడు.

"పోచన్నా, అల్లున్ని అడుగు. గా షాక్ ఎంతసేపు ఉంటది?"

పురుషోత్తానికి ప్రాణం లేచివచ్చింది. ఆరేళ్లలో తన పరిశోధన గురించి అడిగిన మొదటి చుట్టం ఆమె.

"సెకన్ల పదో వంతు గూడ ఉండదని చెప్పు పోచన్నా. కండ్లు మూసి తెరిచేలోపల అయిపోతది."

"మనుషులకు తగుల్తదా అడుగు."

"పైపుల పుట్టింది పైపు దాటి ఎటు పోతది? నల్లాలు తెరిచి ఉంటే అంతో ఇంతో బయటికి పోతది. బంద్ ఉంటే లోపల్నే తిరుగుతది."

గౌరవ్వ తల ఊపింది. ఆమెకు కావలసింది దొరికింది. నీళ్లు వదలనివ్వాలి, పట్టుకోవాలి. షాక్ వచ్చే ఘడియకు నల్లాలన్నీ ఒక్కపెట్టున మూసేయాలి. హన్మంతు ట్యాంకు మెట్ల మీద కూర్చుని అల్లుడి చేతిని కనిపెట్టి ఉండాలి. అల్లుడు చెయ్యి లేపగానే ఒక్క దెబ్బ కొట్టాలి. ఊరికి నీళ్లు దక్కుతాయి, అల్లుడికి చదువు దక్కుతుంది. ఈ ఏర్పాటు అరగంటలో డెబ్బై రెండు నల్లాలకూ చేరింది. అల్లుడికి మాత్రం చెప్పలేదు, పనిలో ఉన్నవాడిని కదిలించడం ఎందుకని.

ఈలోగా ఎవరో ఎల్లారెడ్డిలో ఉన్న లైన్‌మన్ మహిపాల్‌కు ఫోను చేశారు. నల్లాల్లో కరెంటు వస్తోందని ఒకరు, రాబోతోందని ఇంకొకరు, పోచన్నకు ఇప్పటికే తగిలిందని మూడోవారు. మహిపాల్ జాగ్రత్త గల మనిషి. బండి మీద వచ్చి, ఊరి బయటి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకి, జేబులో వేసుకుని, ఇంకో ఊళ్లో పని ముగించుకుని వస్తానని వెళ్లిపోయాడు. తొమ్మిదీ నలభైకి పురుషోత్తం కంప్రెసరు ఊపిరి ఆగింది.

అతను దాన్ని మామూలు కోత అనుకున్నాడు. కంప్రెసరు లేకపోతే గాలి లేదు, గాలి లేకపోతే చాలినన్ని బుడగలు లేవు. గోరుచుట్టు మీద రోకటిపోటులా ల్యాప్‌టాప్‌లో సగం చార్జింగే ఉంది. అయినా ధైర్యం కూడగట్టుకుని ఒక సైకిల్ పంపు తెప్పించాడు. స్తంభం అవతల మళ్లీ కొంగు కదిలింది.

"పోచన్నా, కరెంటు పాయె గదా. ఇగ షాక్ ఎట్ల వస్తదో అడుగు."

"షాక్‌కు కరెంటు అవసరం లేదని చెప్పు పోచన్నా," అన్నాడు పురుషోత్తం పంపు బిగిస్తూ. "బుడగలు చాలు."

ఈ మాట ఊరంతా తిరిగింది. కరెంటు షాక్ అయితే జనానికి దాని తాహతు తెలుసు. కరెంటు లేకుండా కొట్టే షాక్ ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. అప్పటిదాకా ధైర్యంగా ఉన్న మగవాళ్లు కూడా రబ్బరు చెప్పులు వెతుక్కున్నారు.

పదికి పది నిమిషాలుండగా లక్ష్మీనర్సమ్మ గారి కారు వచ్చింది. వీధి పొడవునా ప్రతి నల్లా దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కాళ్లకు చెప్పులు, చేతులకు పాలిథిన్ కవర్లు, కొందరి చేతుల్లో ఎండు కర్రలు.

"వీళ్లంతా ఎవరు పురుషోత్తం?" అన్నారావిడ.

"ఊరివాళ్లు మేడం. నా ప్రయోగం అంటే చాలా ఆసక్తి," అన్నాడు పురుషోత్తం. అతను నిజంగానే అలా అనుకున్నాడు. ఆ కవర్లు పరిశుభ్రత కోసమని కూడా అనుకున్నాడు.

సరిగ్గా పదింటికి పోచన్న ట్యాంకు వాల్వు తిప్పాడు. తర్వాత సైకిల్ పంపు అందుకుని దమ్ము బిగబట్టి కొట్టసాగాడు. ప్లాస్టిక్ పైపులో సన్నని గొంతు దగ్గర గిన్నెలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు మొదలైంది. చూస్తుండగానే నీళ్లు తెల్లబడ్డాయి. లక్ష్మీనర్సమ్మ గారు శాలువా సవరించుకుని ముందుకు వంగారు. ఊళ్లో నల్లాలు బుస్సుబుస్సుమని తెల్లటి నీళ్లు కక్కాయి. అవి చూసి, ఇంకా ఎవరికైనా అనుమానం మిగిలి ఉంటే అదీ పోయింది.

పురుషోత్తం స్ప్రింగు వాల్వు వదలడానికి చెయ్యి లేపాడు.

హన్మంతు డప్పు మీద ఒక్క దెబ్బ వేశాడు.

డెబ్బై రెండు నల్లాలు ఒక్కసారిగా మూతపడ్డాయి. ఊరి పైపుల్లో పారుతున్న నీళ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయి, ఆ దెబ్బ వెనక్కి ట్యాంకు దాకా నడిచి వచ్చింది. ధన్‌మని మోత. ప్లాస్టిక్ పైపు నిలువునా చీలింది. స్ప్రింగు వాల్వు ఊడి మురికి కాలువలో పడింది. డిసెంబరు నెల ట్యాంకు నీళ్లు పురుషోత్తాన్నీ ప్రొఫెసర్ గారినీ సమానంగా తడిపాయి. పోచన్న పంపు వదిలేసి పరుగున పోయి పెద్ద వాల్వు మూశాడు.

లక్ష్మీనర్సమ్మ గారు కళ్లజోడు తుడుచుకున్నారు. గొడుగు కింద పెట్టిన ల్యాప్‌టాప్ ఒక్కటే పొడిగా ఉంది. దాని తెర మీద రెండు మిట్టల గీత ఉంది. మొదటిది ఎత్తుగా, రెండోది కాస్త ఒదిగి, ఏ మచ్చా లేకుండా.

"పురుషోత్తం, వాల్వు మీరు మూశారా?"

"లేదు మేడం. చెయ్యి ఇంకా పైనే ఉంది."

"మరి ఎవరు మూశారు?"

పోచన్న చెప్పాడు. మొదటి నుంచీ చెప్పాడు. ఆవిడ ఎక్కడా నవ్వలేదు. విన్నంతా విని, తడిసిన శాలువా పిండుకుని, "గీత బాగుంది. ఇలాంటివి ఇంకా రెండు కావాలి. ఒంటిగంటకు నేను బయల్దేరాలి," అన్నారు.

స్ప్రింగు వాల్వు రెండు ముక్కలై ఉంది. ఇక పురుషోత్తానికి ఉన్న వాల్వులు ఊళ్లో ఉన్నవే. అతను పాఠం చెప్పే మనిషి, అబద్ధంతో పని జరిపించుకోవడం చేతకాదు. ఇంకో పైపు ముక్క బిగించి, క్లిప్పులు రెండేసి వేసి, వీధిలోకి వెళ్లి నిలబడి చేతులు జోడించాడు.

"ఇది కరెంటు షాక్ కాదు. నీళ్ల దెబ్బకే ఆ పేరు పెట్టిన్రు. తప్పు నాది, నేనే సక్కగ చెప్పలేదు. డప్పు కొట్టంగనే అందరు ఒక్క గడియ నల్లా బంద్ చెయ్యున్రి. నా చదువంత గీ పని మీదనే ఉన్నది."

అందరూ మర్యాదగా విన్నారు. "గంతేనా సారు, చేస్తం," అన్నారు. చెప్పులు విడిచారు, కవర్లు తీశారు, ఊరికి పెద్ద బరువు దిగింది. హన్మంతు కూడా బాధ్యతగా షాక్ లేదహో అని చాటాడు.

పదకొండుంబావుకు పోచన్న మళ్లీ నీళ్లు వదిలి పంపు కొట్టాడు, డప్పు మోగింది. ప్రతివారూ ఒకటే ఆలోచించారు. అందరూ మూస్తారు కదా, నేనొక్కడిని మూయకపోతే ఏమవుతుంది, ఇంకో బిందె నిండుతుంది. పన్నెండు నల్లాలు మూతపడ్డాయి, అవీ తీరిగ్గా. తెర మీద గీత పడుకుని ఉంది.

అంతలో మహిపాల్ తిరిగి వచ్చాడు. టెస్టరు పట్టుకుని నాలుగు నల్లాలు ముట్టి చూసి, "కరెంటు లేదు, ఏం లేదు. నిమ్మలంగ పట్టుకోన్రి," అని ఫ్యూజులు వేసి వెళ్లిపోయాడు. కంప్రెసరు తిరిగింది, ల్యాప్‌టాప్‌కు ప్రాణం వచ్చింది. బుడగలకు కొదవ లేదు. మళ్లీ డప్పు మోగిస్తే ఈసారి తొమ్మిదే నల్లాలు మూసుకున్నాయి. మోసుకెళ్లిన బిందెలు గుమ్మరించుకుని జనం రెండో విడత కాగులు కడుగుతున్నారు.

లక్ష్మీనర్సమ్మ గారు గడియారం చూసుకున్నారు. "అన్నీ మన చేతిలో ఉండవు పురుషోత్తం. నువ్వు కష్టపడలేదని అనను," అన్నారు. మీరు నుంచి నువ్వులోకి దిగిన ఆ చనువు పురుషోత్తాన్ని చావుదెబ్బ తీసింది. పాసయ్యేవాళ్లతో ఆవిడ ఎప్పుడూ అలా మాట్లాడరు. అతను ట్యాంకు గద్దె మీద కూలబడి, తడి కాళ్లను చూసుకుంటూ ఉండిపోయాడు. ఏడుపు వచ్చింది. ఊరి నీళ్లన్నీ మీద పడి ఉన్నాయి గనుక ఎవరికీ తెలియలేదు.

స్తంభం అవతల ఉన్న మనిషికి మాత్రం తెలిసింది.

గౌరవ్వ కొంగు సవరించుకుంది. మెల్లగా నడుచుకుంటూ ఇంటికి వెళ్లింది. వాకిట్లో నల్లా కింద చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. అరచేతిని చీర కుచ్చెళ్లకు రుద్దుకుంది.

"ఏమైంది గౌరవ్వా?" అంది పక్క నల్లా దగ్గర గంగాబాయి.

"చెయ్యి జివ్వుమన్నది," అంది గౌరవ్వ. అని అక్కడే ఉన్న బీడీల చాట ముందు కూర్చుంది.

అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడలేదు. గంగాబాయి వెంటనే చెప్పులు తొడుక్కుంది. రెండిళ్లు దాటేసరికి గౌరవ్వ చెయ్యి తిమ్మిరెక్కింది. నాలుగిళ్లు దాటేసరికి చెయ్యి పడిపోయింది. వీధి చివర అప్పుడే ఆమెను ఎల్లారెడ్డి దవాఖానకు తీసుకుపోతున్నారు. టెస్టరుది ఏముంది, బల్బు పోయి ఉండవచ్చు. గౌరవ్వ అబద్ధం చెప్పదు. పాలిథిన్ కవర్లు మళ్లీ చేతులకెక్కాయి. చివరి బిందె నింపుకోవాలన్న ఆశ ఒకవైపు, ప్రాణభయం ఇంకోవైపు లాగుతుంటే, ఊరు ఊరంతా ఒక చెయ్యి నల్లా మీద, ఒక చెవి డప్పు మీద వేసి నిలబడింది.

వీధిలో సద్దు ఆగిపోవడం మెట్ల మీద నుంచి గమనించి హన్మంతు పురుషోత్తాన్ని కేకేశాడు. పురుషోత్తం లేచి వచ్చాడు. ఆఖరుసారి ప్రయత్నిద్దామని నీరసంగా చెయ్యి లేపాడు.

డప్పు మోగింది. డెబ్బై రెండు నల్లాలూ మూతపడ్డాయి. మోతకు ట్యాంకు మీది కాకులు లేచిపోయాయి. క్లిప్పులు నిలిచాయి. తెర మీద రెండు మిట్టలు. పది నిమిషాల తర్వాత ఇంకోసారి మోగింది. మళ్లీ రెండు మిట్టలు, మొదటి గీత మీద పెడితే వెంట్రుకవాసి తేడా లేదు. లక్ష్మీనర్సమ్మ గారు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసి, కారు ముందు భాగం మీదే కాగితం పరిచి సంతకం చేశారు.

"ఇప్పుడు ఎందుకు మూశారు వీళ్లు? మీరు ఏం చెప్పారు?" అన్నారు పెన్ను మూస్తూ.

"నేనేం చెప్పలేదు మేడం," అన్నాడు పురుషోత్తం. అది నిజమే. ఎందుకు మూశారో అతనికీ తెలియదు.

భోజనం అత్తగారింట్లోనే చేయవలసి వచ్చింది. వంకాయ కూర సంగతి నిరోషకు ఫోనులో సర్దిచెప్పాడు. విస్తరి ముందు కూర్చున్నాక అతనికి జరిగింది పోచన్న నోటి వెంట తెలిసింది. లోపలి గది తలుపు వెనక నుంచి గాజుల చప్పుడు వినిపిస్తోంది.

"పోచన్నా, అత్తమ్మను అడుగు. నిజంగనే షాక్ కొట్టిందా?"

"డిసెంబర్ల ట్యాంకు నీళ్లు జివ్వుమనయా, అడుగు," అంది గౌరవ్వ తలుపు వెనక నుంచి. "పప్పు ఇంకింత ఏసుకొమ్మను."

పురుషోత్తం వేసుకున్నాడు.

తర్వాతి ఏడాది అతనికి డాక్టరేటు వచ్చింది. రెండు వందల పది పుటల ఆ సిద్ధాంత గ్రంథంలో పైపు కొలతలు, నీటి చల్లదనం, బుడగల పరిమాణం అన్నీ దశాంశాలతో సహా ఉన్నాయి. వాల్వులు మూసిన విధానం అన్నచోట మాత్రం 'స్థానిక పద్ధతి' అని రెండే మాటలున్నాయి.